ఎండకు పడని నూనె

కొడుకు పోయాక ఆ ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరే మిగిలారు. నెల తిరక్కుండా ఎవరి దారి వాళ్ళు చూసుకుంటారని చుట్టుపక్కల వాళ్ళు అనుకున్నారు. కోడలి అన్న వచ్చి, బట్టలు సర్దుకోమని చెప్పి గుమ్మంలో నిలబడ్డాడు కూడా. "పొయ్యి మీద మైనం ఉందన్నయ్యా, ఇప్పుడు కుదరదు," అని కోడలు లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత కూడా ఆమెకి కుదరలేదు.

కొడుకు పళ్ళ మార్కెట్టుకి లారీ తోలేవాడు. దారిలో నలిగినవీ మచ్చపడ్డవీ, ఎవరూ కొనని నిమ్మకాయలూ నారింజలూ గోనెసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. "పారేస్తుంటే ప్రాణం ఒప్పలేదమ్మా," అనేవాడు. ఇన్ని కాయలేం చేసుకోవాలని తల పట్టుకున్న కోడలు, తొక్కలు ఎండబెట్టి పొడిచేసి సబ్బుల్లో కలపడంతో మొదలుపెట్టింది. తర్వాత పద్ధతిగా నేర్చుకుంది. మంచి నూనెలు తెప్పించి, ముందుగదిని చిన్న కార్ఖానాగా మార్చేసింది. సబ్బులు, కొవ్వొత్తులు, పెదవులకు రాసుకునే మైనం, ఒంటి నూనెలు. వారం సంతలో వాళ్ళకో బల్ల కూడా దొరికింది. అప్పుడే, ఒక వానరోజు మలుపు దగ్గర లారీ బోల్తాపడి కొడుకు పోయాడు.

అత్త మొదట్లో ఆ గదిలో అడుగుపెట్టలేదు. తర్వాత గడపమీద కూర్చోవడం మొదలుపెట్టింది. గడప మీద కూర్చున్న మనిషిని ఖాళీగా ఎందుకుంచాలని కోడలు ఆమె చేతికి సబ్బులూ, వాటికి చుట్టే కాగితాలూ ఇచ్చింది. అలా అలా గదిలోకొచ్చేసింది. పని తెలియని ఉత్సాహంతో ఒకసారి పొయ్యి మీద సలసలమంటున్న మైనంలోనే నారింజ నూనె వంచేసింది. భగ్గుమని మంట లేచి ఎడమ కనుబొమ్మ సగం మాయమైంది.

"అత్తయ్యా! ముందు పొయ్యి ఆపండి!" కోడలు పరుగున వచ్చి గిన్నె మీద మూత బోర్లించింది. "ఈ తొక్క నూనెలు పెట్రోలుకి దగ్గర చుట్టాలు. మైనం దించి, అంచుల్లో తెల్లబడటం మొదలయ్యాకే పొయ్యాలి."

"మరి ముందే చెప్పొద్దూ?"

"చెప్పాను. మీరు కిటికీలోంచి పక్కింటావిడతో మాట్లాడుతున్నారు."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వు ఎవరికి ముందొచ్చిందో గానీ, కొడుకు పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడటం అదే మొదలు. కనుబొమ్మ మళ్ళీ మొలిచేదాకా కోడలు రోజూ పొద్దున్నే పెన్సిలుతో దిద్దిపెట్టేది, ఒక్కోరోజు కావాలనే వంకరగా.

కోడలికి నియమాలెక్కువ. చుక్కలు లెక్కబెట్టి పోస్తే ఒప్పుకునేది కాదు. త్రాసు మీద పెట్టి తూచాలి. ప్రతి సీసా మీదా మూత తీసిన తేదీ ఉండాలి. పాతబడి వార్నిష్ వాసన కొడుతున్న నూనె చర్మానికి దురద తెస్తుందని నేల తుడిచే నీళ్ళలో పోసేసేది. అన్నిటికంటే గట్టిగా చెప్పింది మాత్రం రెండు నిమ్మనూనెల గురించి.

"చూడ్డానికి రెండూ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఇది ఆవిరి పట్టి తీసింది. ఒంటికి రాసుకునేవాటిలో ఇదే వెయ్యాలి. ఇదేమో పచ్చి తొక్కని పిండి తీసింది. సబ్బయితే కడిగేసుకుంటాం, కొవ్వొత్తయితే ఒంటికి తగలదు, ఫరవాలేదు. ఒంటి మీద ఉంచుకుని ఎండలోకి వెళ్తే మాత్రం చర్మం కాలిపోతుంది."

"నిమ్మకాయ కాలుస్తుందా? పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ పిండుతున్నాను."

"పిండాక చేతులు కడుక్కుంటారుగా మరి!" అని, కోడలు ఆ రెండో సీసా మెడకు ఎర్రదారం గట్టిగా ముడేసింది. "ఇది ఎండకి పడదు. మర్చిపోకండి."

అత్త మర్చిపోలేదు. అయితే ఆ సీసాల గురించి ఆమెకి తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది, అది కోడలికెప్పుడూ చెప్పలేదు. ఆవిరి నూనె నిమ్మ చాక్లెట్టులా ఉంటుంది. ఎర్రదారం సీసా మూత తీస్తే, సాయంత్రం లారీ దిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచే కొడుకు చొక్కా వాసన వస్తుంది. కోడలు ఇంట్లో లేనప్పుడు ఒక్కోసారి మూత తీసి, వాసన చూసి, మళ్ళీ బిగించేది.

కొన్నేళ్ళు అలా గడిచాయి. సంతలో వాళ్ళ బల్ల దగ్గరికి కళ్ళజోళ్ళ షాపతను వచ్చేవాడు. భార్య వదిలి వెళ్ళిపోయిన మనిషి, నెమ్మదస్తుడు. వచ్చినప్పుడల్లా నాలుగు సబ్బులు కొనేవాడు. ఒకనాడు అత్తే అంది, "ఆ మనిషికి ఒళ్ళెంతనీ, కొనే సబ్బులెన్నీ? ఇంట్లో గోడలు కడుగుతున్నాడా ఏం?" కోడలు తలెత్తకుండా చిల్లర సర్దుకుంది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. అది చూసి అత్త గుండెలో ఏదో కలుక్కుమంది. ఆ నొప్పిని నోట్లోకి రానివ్వకుండా, "మంచివాడిలాగే ఉన్నాడు," అంది.

పెళ్ళి చేసుకోమని నచ్చజెప్పింది కూడా తనే. కోడలు వద్దన్నప్పుడల్లా తిట్టింది. "నేనెన్నాళ్ళుంటాను? నాతోపాటు నువ్వూ కాగితాలు చుడుతూ కూర్చుంటావా?" అంది. ఊళ్ళో అందరూ ఆమెను మెచ్చుకున్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళికి రోజు ఖాయమైంది. దానికి వారం ముందే కోడలు సామానుతో సహా కొత్త ఇంటికి మారిపోవాలనుకున్నారు. ఇల్లు సర్దుకునేదాకా ఆమెకి తోడుగా ఉండటానికి కళ్ళజోళ్ళతని అక్క వచ్చింది.

సామాను కట్టే సాయంత్రం కోడలు అట్టపెట్టెలు ఎత్తీ దించీ మెడ పట్టేసిందని కూర్చుంది. "పొద్దున్నే మర్దనా చేస్తాలే, సర్దుకుంటుంది," అని అత్త ముందుగదిలోకి వెళ్ళింది. చిన్న గిన్నెలో బాదం నూనె తూచింది. సీసాల పెట్టె తెరిచింది. పక్కపక్కనే ఉన్నాయి రెండు నిమ్మనూనెలూ. ఒకదాని మూత తీసి వాసన చూసి పెట్టేసింది. రెండోదాని మూత తీసింది.

మర్నాడు పొద్దున కోడలు జుట్టు పైకి ముడేసుకుని పీట మీద కూర్చుంది. అత్త వెనక నిలబడి మెడకూ, భుజాలకూ, చెవుల కిందా నూనె పట్టించింది. బొటనవేలు ఒకవైపూ నాలుగు వేళ్ళు ఒకవైపూ పెట్టి బిగుసుకున్న నరాన్ని నెమ్మదిగా వదిలించింది. అయ్యాక అత్త వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. సంతకు పోయే సబ్బులు చుట్టాలి, కాగితాలకు జిడ్డంటుతుంది. ఇంతలో వ్యాను వచ్చింది. పైకప్పు లేని వ్యాను. పరుపుల మీద అద్దం పట్టుకుని కోడలు కూర్చుంది, పక్కన కళ్ళజోళ్ళతను. ఆరోజు ఎండ పేలిపోతోంది. రెండు విడతలుగా సామాను మోసేసరికి మధ్యాహ్నం దాటింది.

మూడో రోజు అత్త క్యారియర్‌లో భోజనం పెట్టుకుని కొత్త ఇంటికి వెళ్ళింది. మెట్లెక్కి తలుపు కొడితే కళ్ళజోళ్ళతని అక్క తీసింది. రమ్మనలేదు, పక్కకి జరిగింది.

"మీకోసమే చూస్తున్నాను. లోపలికెళ్ళి మీ చేతిపని చూసుకోండి."

కర్టెన్లు వేసి ఉన్న గదిలో కోడలు మంచం మీద కూర్చుని ఉంది. మెడ మీద తడిగుడ్డ. అక్క వచ్చి ఆ గుడ్డ తీసింది. మెడకు ఒకవైపు నాలుగు వేళ్ళ అచ్చులు, ఇంకోవైపు బొటనవేలి అచ్చు, ఎర్రగా పొంగి, నీటిబుడగలు లేచి ఉన్నాయి. ఎవరో కసిదీరా గొంతు నులిమినట్టుంది. చెవి కింద నుంచి ఒక చార, నూనె చుక్క జారిన దారి, భుజం దాకా దిగింది.

"నేనేం చేశానో తెలుసా?" అంది అక్క. "మా తమ్ముణ్ణి నిలదీశాను. పెళ్ళికాకముందే ఆ పిల్ల మెడ పట్టుకున్నావా అని అడిగాను. తర్వాత డాక్టరు చూసి, నిమ్మకి సంబంధించిందేదైనా రాసుకుని ఎండలో తిరిగావా అని అడిగింది. అప్పుడు తెలిసింది." ఆమె చూపు అత్త చేతుల మీద ఆగింది. "మరి రాసిన చేతికేం కాలేదేం?"

అత్త తన చేతులవైపు చూసుకుంది. "కడుక్కున్నానమ్మా. కాగితాలకి జిడ్డంటుతుందని."

"ఓహో. కడుక్కున్నారన్నమాట."

"వదినా," అంది కోడలు, "కాసేపు మమ్మల్ని ఒదిలెయ్యండి."

అక్క వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. అత్త క్యారియర్ నేల మీద పెట్టి, అక్కడే గోడకానుకుని కూర్చుంది. కోడలు తడిగుడ్డ మళ్ళీ మెడ మీద వేసుకుంది. గొంతులో కోపం లేదు.

"గదిలో వెలుతురు సరిగా లేదు కదత్తయ్యా ఆ సాయంత్రం. బల్బు కూడా విప్పేశాం."

అత్త క్యారియర్ పిడి సరిచేసింది.

"సీసాలన్నీ ఒకే పెట్టెలో పడేశాను. తప్పు నాదే. దారం ఊడిపోయి ఉంటుంది."

ఒక్కొక్క సాకూ తనే వెతికి తెచ్చి ముందు పెడుతోంది. ఏదో ఒకదానికి తలూపితే చాలు. అత్త తలూపబోయింది కూడా. కానీ ఇన్నేళ్ళలో ఆ పిల్ల దగ్గర ఒక్క అబద్ధం ఆడి ఎరగదు.

"వెలుతురుంది. దారం కట్టే ఉంది," అంది. "చూశానమ్మాయ్."

కోడలు కళ్ళు మూసుకుంది.

"ఎండ సంగతి అప్పుడు నా మనసులో లేదు, నీ మీద ఒట్టు. నీకు చెడు చెయ్యాలని నేను... నా చేతులు పడిపోనీ. వాసన చూశానంతే. వాడి చొక్కా వాసన. రేపట్నుంచి నువ్వింకొకరి ఇంట్లో ఉంటావు. వెళ్ళే ఆ ఒక్కపూటా వాడు నీ ఒంటిమీద ఉంటే బావుండుననిపించింది. అంతకుమించి బుర్ర పనిచెయ్యలేదు. ముసల్దాన్ని, మతిపోయినదాన్ని, కొట్టు నన్ను."

కోడలు మంచం దిగి వచ్చి ఎదురుగా నేలమీద కూర్చుంది. తిట్టినా బావుండేది. అత్త చేతుల్ని తన ఒళ్ళోకి తీసుకుని వాటి వంకే చూస్తూ అంది.

"నాకు తెలిసిందత్తయ్యా. మీరు మెడ మీద చెయ్యి పెట్టగానే తెలిసింది."

"ఏం తెలిసింది?"

"ఏ నూనో. ఆ వాసన నాకు తెలీదా? ఆయన చొక్కాలు ఉతికింది నేను కాదూ? పైకప్పు లేని బండిలో వెళ్తున్నామనీ తెలుసు. కొళాయి పక్కనే ఉంది. సబ్బుతో కడుక్కుంటే పోయేది. ఇంకాసేపు ఉంచుకుందాం, ఇంకాసేపు ఉంచుకుందాం అనుకుంటూ కూర్చున్నాను. బండిలో ఈయన పక్కన కూర్చుని ఆయన వాసన పీలుస్తూ ఏడ్చాను. ఎందుకని ఈయనడిగితే కళ్ళల్లో దుమ్ము పడిందన్నాను. ఎంత అమాయకుడంటే, చేతిరుమాలు తడిపి తెచ్చి తుడిచాడు."

ఇద్దరూ తలుపు అవతల వినపడకుండా ఏడ్చారు. ఏడుపు తగ్గాక కోడలు ఆ చేతుల్ని నెమ్మదిగా వదిలేసింది. అప్పుడే అత్తకు భయమేసింది.

"నేనింక మనింటికి రానత్తయ్యా. కోపమొచ్చి కాదు. ఆ గదిలోకొస్తే నేను మళ్ళీ అదే పని చేస్తాను. ఒక మనిషికి మాటిచ్చాను. సగం మనిషిగా ఈ ఇంట్లో ఉండలేను. మీరు కూడా... ఇక్కడికి రాకండి."

అత్త గుండె రాయి చేసుకుని తలూపింది. లేచి చీరకొంగుతో మొహం తుడుచుకుంది.

"బయట ఆవిడకి ఏం చెప్తావు?"

"అదే ఆలోచిస్తున్నాను. నిజం చెప్తే ఆయన మనసు విరిగిపోతుంది."

"నాకు చూపు ఆనలేదని చెప్పు. నేనూ అదే చెప్తాను. ఆవిడ ఎలా అనుకున్నా అనుకోనీ."

తలుపు తీసుకుని బయటికొచ్చి, కళ్ళజోళ్ళతని అక్కతో అదే చెప్పింది. "వయసైపోయింది కదమ్మా. సీసా మారిపోయింది." అక్క నమ్మలేదని ఆమె పెదవుల బిగువులోనే తెలిసింది. "పెళ్ళిరోజున మీరు ఆఫీసుకి రాకపోతేనే మంచిదేమో," అంది. అత్త సరేనంది. దిగుతూ ఉంటే మెట్లు అలుక్కుపోయినట్టు కనిపించాయి. కింది మెట్టు మీద చాలాసేపు కూర్చుండిపోయింది.

పెళ్ళిరోజు కోడలు మెడదాకా బొత్తాలున్న జాకెట్టు వేసుకుందనీ, బాగానే జరిగిందనీ పక్కింటావిడ చెప్పింది. ఆ పూట అత్త సబ్బు కలుపుతూ కూర్చుంది. అచ్చుల్లో పోసి గుడ్డ కప్పాక, వాసన నూనె వెయ్యనే లేదని గుర్తొచ్చింది. ఆ సబ్బుల్ని ఎవరికీ అమ్మలేదు, తనే వాడుకుంది.

సంతకు ఒక్కతే వెళ్ళడం మొదలుపెట్టింది. ఒకరోజు కళ్ళజోళ్ళతను బల్ల దగ్గరికొచ్చాడు. రెండు సబ్బులు తీసుకున్నాడు.

"బుడగలు మానిపోయాయమ్మా. ఇప్పుడు గోధుమరంగు మచ్చలున్నాయి. కొన్ని నెలల్లో అవీ పోతాయన్నారు డాక్టరు. ఎండ తగలకుండా చూసుకుంటోంది."

"మంచి మాట చెప్పావు బాబూ."

"మా అక్క మాటలు పట్టించుకోకండి. మీరు కావాలని చేశారని నేనెప్పుడూ అనుకోలేదు. చూపు తగ్గితే పొరపాట్లు జరుగుతాయి. ఈ నూనెలతో పని కదా, ప్రమాదం. ఒకసారి షాపుకి రండి, పరీక్ష చేస్తాను."

ఇప్పుడొద్దులే, తర్వాత చూద్దాంలే అని ఎంత తప్పించుకున్నా వదల్లేదు. చివరికి వెళ్ళక తప్పలేదు.

ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ముందు, కంటి నంబరు తనే చూపించే ఒక యంత్రంలోకి చూడమన్నాడు. దానిలో చాలాసేపు చూశాడు. తర్వాత ఎదుటి గోడమీద అక్షరాల పలక వెలిగించాడు. ఆ వయసులోనూ అత్త సూదిలో దారం తడుముకోకుండా ఎక్కించగలదు. పలక మీద అన్నిటికంటే కింది వరుస కూడా అచ్చుగుద్దినట్టు కనిపిస్తోంది.

"చదవండమ్మా."

పై వరుస సరిగ్గానే చదివింది. రెండో వరుసలో 'ప'ని 'వ' అంది. మూడో వరుసలో కళ్ళు చికిలించి, "ఏమో బాబూ, చీమలు పాకినట్టుంది," అంది. కింది వరుస దగ్గర తల అడ్డంగా ఊపింది.

అతను పలక ఆర్పేశాడు. యంత్రం మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డాడు. ఏదో అడగబోతున్నాడని ఆమె కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. అతను అడగలేదు. "జోడు చేసిస్తాను," అన్నాడు.

వారం పోయాక వెళ్తే జోడు తనే ఆమె చెవులకు తగిలించి సరిచేశాడు.

"చాలా చిన్న నంబరమ్మా. పెట్టుకోండి. ఎవరైనా అడిగితే చూపించడానికైనా ఉంటుంది."

డబ్బు తీసుకోలేదు. అత్త రోడ్డు మీదికొచ్చి నిలబడింది. ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టలూ, స్తంభం మీద పిట్టా, దూరంగా బస్సు నంబరూ అంతకుముందు ఎలా కనిపించాయో అలాగే ఉన్నాయి. జోడు తీసి చూసింది, మళ్ళీ పెట్టుకుని చూసింది. ఇసుమంత తేడా లేదు. ఉత్త గాజు. అతనికి ఎంత తెలిసిందో, ఇంటికి వెళ్ళి భార్యను ఏమడుగుతాడో, ఎప్పటికీ అడగడో. ఆ నెమ్మదస్తుడి మీద జాలితో ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. మనుషులు పక్కనుంచి పోతూనే ఉన్నారు, ఆమె ఆ ఉత్త గాజుల వెనక ఏడుస్తూనే ఉంది.

చలికాలం వచ్చాక ఒకరోజు కోడలు సంతకొచ్చింది. వెంట కళ్ళజోళ్ళతని అక్క ఉంది.

"ఇప్పుడు సరిగ్గా కనిపిస్తోందాండీ?" అంది అక్క, జోడు వంక చూస్తూ.

"బాగా కనిపిస్తోందమ్మా."

కోడలు ఆ జోడు వైపు ఒక్క క్షణం చూసి, చూపు దించేసుకుంది. మెడ తేటగా ఉంది, మచ్చ జాడ లేదు. కాస్త ఒళ్ళు చేసింది. బల్ల మీదనుంచి ఒక సబ్బు తీసి వాసన చూసింది.

"ఇందులో ఏం వేశారు?"

"నారింజ. ఒంటికి పడేదే. నిమ్మ మానేశాను."

"బావుంది. వాసన నిలబడిందే."

"కొంచెం బంకమట్టి కలిపాను. నువ్వు చెప్పిందే."

"ఆరోగ్యం ఎలా ఉంది?"

"బావుంది."

"చలిలో తడిచేతులతో పని చెయ్యకండి," అంది కోడలు. రెండు సబ్బులు తీసుకుంది. అత్త కాగితం చుట్టి ఇచ్చింది. ఇన్ని మాటల్లో ఒక్కసారైనా 'అత్తయ్యా' అంటుందేమోనని, సబ్బు చుట్టడం కూడా ఆలస్యం చేసింది. కోడలు పొట్లం అందుకుని, "వస్తానండీ," అంది.

కూరగాయల బళ్ళ మధ్యనుంచి ఆ ఇద్దరూ వెళ్ళిపోతుంటే అత్త చూస్తూ నిలబడింది. సందు తిరిగేదాకా చూసింది.

"ఏమండీ, ఈ సబ్బెంత?" అనడిగారు ఎవరో. ఆమె చెప్పింది. వాళ్ళకి వినపడలేదు. గొంతు సవరించుకుని మళ్ళీ చెప్పింది.